రూపము – శీలము: బైబిలు నేర్పే చూపు

గత విద్యాసంవత్సరం డిగ్రీ రెండవ సంవత్సరం తరగతిలో జాషువా కవిత్వం బోధిస్తూ, ప్రసంగవశాత్తు మేము ఒక మాట అన్నాము. మనిషికి బాహ్యసౌందర్యం కంటె అంతఃసౌందర్యమే మిన్న అన్నదే ఆ మాట. అధ్యాపకులు తరచుగా చెప్పే మాటే అది. విద్యార్థులు తరచుగా తల ఊపే మాటే. కాని ఆనాడు వెనుక వరుసలో కూర్చున్న ఒక విద్యార్థిని లేచి నిలబడి, “సార్, ఈ మాట మాకు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నారు. మమ్మల్ని చూడడానికి వచ్చేవాళ్ళకు ఎవరు చెబుతారు?” అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఆ నెలలోనే రెండు సంబంధాలవారు వచ్చి, పిల్ల రంగు తక్కువని చెప్పి తిరిగిపోయారట. ఆ సంగతి మాకు తరువాత తెలిసింది. ఇంతలో గంట మోగింది. సమాధానం చెప్పకుండానే హాజరుపట్టీ చేతబట్టుకొని బయటికి వచ్చాము.

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా చెబుతున్న సమాధానం.

సమాధానం వెదుకుతూ మేము మొదట తెరచిన గ్రంథం బైబిలు. జాషువాను బోధించేవారికి ఆ గ్రంథంతో పరిచయం ఉండక తప్పదు. మేము ముస్లిములము. క్రైస్తవ ధర్మాన్ని వ్యాఖ్యానించే అధికారం మాకున్నదని అనుకోవడం లేదు. అయితే ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మా కళాశాలలో మూడు మతాల పిల్లలు ఒకే బల్లమీద కూర్చుంటారు. ఒకరి గ్రంథాన్ని మరొకరు గౌరవంతో చదవడం ఇక్కడ కొత్త సంగతి కాదు. ఉగాదినాడు ముస్లిము కుటుంబాలు దేవుని కడప వెంకటేశ్వరుని గుడికి వెళ్ళే సీమ ఇది; కడప పెద్ద దర్గాకు అన్ని మతాలవారు వచ్చే సీమ ఇది. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలు.

శ్రద్ధగా చదివిన మీదట మాకు తోచిన విషయం ఒకటే. అంతఃసౌందర్యాన్ని గురించి ఆ గ్రంథం చెప్పిన మాటల్లో ముఖ్యమైనవి, ఎదుట నిలిచినవారికి చెప్పిన ఓదార్పులు కావు. అవి చూచేవారికి చెప్పిన పాఠాలు.

శీలమనే మాట

ముందుగా మన భాషలోని మాటను పరిశీలించవలసి ఉన్నది. సంస్కృతంలో శీలమంటే స్వభావం, మంచి నడవడి. స్త్రీపురుష భేదం దానికి లేదు. దానశీలి, సహనశీలి, సత్యశీలుడు అన్నప్పుడు ఆ అర్థమే నిలిచి ఉన్నది. కాని కాలక్రమంలో వాడుక తెలుగులో ఆ మాట బాగా కుంచించుకుపోయింది. ‘శీలం’ అనగానే స్త్రీ గుర్తుకు వస్తున్నది. పురుషుడు ఆ లెక్కలోనుంచి తప్పించుకున్నాడు. రూపం విషయంలోనూ అంతే. అద్దం ముందు నిలిచేది ఆడపిల్ల; అంకెలు వేసేది మగపెళ్ళివారు. రూపం లేకపోతే ఆమె తప్పు. రూపం ఉంటే ఆమె శీలం మీద అనుమానం. తూచే తక్కెడ ఎవరి చేతిలో ఉన్నదో, ఆ చెయ్యి నిటారుగా ఉన్నదో లేదో ఎవరూ అడగరు.

కనుక ఈ వ్యాసంలో శీలమనే మాటను దాని పాత అర్థంలోనే, అందరికీ వర్తించేటట్లుగానే వాడుతున్నాము.

సమూయేలు పొరపాటు

బైబిలులో ఈ విషయానికి మూలస్తంభం వంటి కథ మొదటి సమూయేలు గ్రంథం 16వ అధ్యాయంలో ఉన్నది. ఇశ్రాయేలీయుల మొదటి రాజు సౌలు. అతడు ఎంత ఆజానుబాహుడంటే, జనంలో నిలబడితే తక్కినవారు అతని భుజాల వరకే వచ్చేవారట. అటువంటి రాజు దారి తప్పాడు. కొత్త రాజును అభిషేకించడానికి సమూయేలు ప్రవక్త బేత్లెహేములోని యెష్షయి ఇంటికి వెళ్ళాడు. పెద్దకొడుకు ఏలీయాబు ఎదురుగా వచ్చి నిలిచాడు. అతని ఎత్తు, ఆకారం చూచి ప్రవక్త మనస్సులో ఇతడే రాజు అని నిశ్చయించుకున్నాడు. అప్పుడు దేవుడు అతనిని వారించాడు: ఎత్తునూ రూపాన్నీ లెక్కచేయవద్దని, మనుష్యులు పైరూపాన్ని చూస్తారు గాని తాను హృదయాన్ని చూస్తానని తెలియజేశాడు. ఏడుగురు కొడుకులు వరుసగా వచ్చి వెళ్ళారు. ఎనిమిదవవాడు దావీదు. గొర్రెలు కాయడానికి వెళ్ళిన ఆ పిల్లవానిని తండ్రి లెక్కలోకే తీసుకోలేదు. చివరకు అతనిని పిలిపించి అభిషేకించారు. మన పిల్లలు దావూద్ ప్రవక్తగా ఎరిగినది ఇతనినే.

ఈ కథను మనం సాధారణంగా దావీదు గొప్పతనానికి దృష్టాంతంగా చెప్పుకుంటాము. కాని ఉపదేశం ఎవరికి జరిగిందో గమనించండి. దేవుడు దావీదును పిలిచి, ‘నీకు రూపం లేకపోయినా బాధపడకు’ అనలేదు. నిజానికి దావీదు చూడచక్కనివాడేనని, అతని కన్నులు అందమైనవని ఆ గ్రంథమే చెబుతున్నది. ఉపదేశం జరిగింది సమూయేలుకు, అంటే ఎన్నిక చేయడానికి వచ్చినవానికి. అతడు సామాన్యుడు కాడు. జీవితమంతా దైవసేవలో గడిపిన వృద్ధుడు. అంతకు పూర్వం సౌలు ఆకారాన్ని కన్నులారా చూచి, దాని ఫలితాన్ని కూడా అనుభవించినవాడు. అటువంటివాని కన్నే రెండవసారి కూడా ఎత్తును చూచి మోసపోయింది. ఇక మన కన్నుల మాట చెప్పాలా?

అదే వంశంలో మరొక దృష్టాంతం ఉన్నది. దావీదు కుమారుడు అబ్షాలోము. అరికాలు మొదలు నడినెత్తి వరకు ఏ లోపమూ లేని అందగాడని, ఒత్తైన తలవెండ్రుకలు కలవాడని రెండవ సమూయేలు గ్రంథం వర్ణించింది. ఆ అందం చూచే జనం మురిసిపోయారు. అతడు తండ్రిమీదనే తిరుగుబాటు చేశాడు. చివరకు యుద్ధంలో పారిపోతుండగా తల చెట్టుకొమ్మల్లో చిక్కుకొని ప్రాణం పోగొట్టుకున్నాడు. వర్ణనకెక్కిన ఆ తలనే మృత్యువుకు పట్టు దొరకడం కథకుని నేర్పు.

తల్లి చెప్పిన పాఠం

సామెతల గ్రంథంలో చివరిదైన 31వ అధ్యాయం క్రైస్తవ కుటుంబాలకు బాగా పరిచితమైనది. గుణవతియైన భార్యను వర్ణించే ఆ పద్యభాగం హీబ్రూ మూలంలో 22 అక్షరాల వరుసలో సాగుతుంది. మన అక్షరమాల పద్యాల వంటి నిర్మాణం అది. ఆ ఇల్లాలు తెల్లవారకముందే లేస్తుంది. ఉన్నినీ అవిసెనారనూ తెచ్చి తన చేతులతో పని చేస్తుంది. పొలం చూచి కొంటుంది, ద్రాక్షతోట నాటిస్తుంది, బీదలకు చెయ్యి చాస్తుంది, జ్ఞానంతో మాట్లాడుతుంది. అన్నీ చెప్పిన తరువాత, చివరన, అందం నిలిచేది కాదని, దైవభీతి కల స్త్రీయే ప్రశంసకు తగినదని కవి తేల్చాడు.

మగ్గం మీద పనిచేసే ఆడవాళ్ళనూ, తెల్లవారకముందే చద్దిమూట కట్టుకొని కలుపు తీయడానికి బయలుదేరే తల్లులనూ ఎరిగిన మనకు ఆ వర్ణన దూరదేశపుదిగా తోచదు. ఆమె కన్నుల పొడవునూ నడుము సన్నదనాన్నీ కవి ఎక్కడా ప్రస్తావించలేదు. ఆపాదమస్తక వర్ణనలు చదివి అలవాటుపడిన ప్రబంధ విద్యార్థికి ఇది వింతగా ఉంటుంది. ఇక్కడ వర్ణనకు నోచుకున్నవి ఆమె చేతులు, అవి చేసిన పనులు.

మేము అంతకంటె ముఖ్యంగా భావించినది ఆ అధ్యాయం ఆరంభం. లెమూయేలు అనే రాజుకు అతని తల్లి ఉపదేశించిన మాటలు అని అక్కడ ఉన్నది. ఆ వరుసలోనే ఈ గుణవతి వర్ణన వస్తున్నది. అనగా ఇది కోడలికి అత్తగారు పెట్టిన నియమావళిగా కాక, కొడుకుకు తల్లి నేర్పిన చూపుగా మనముందు నిలుస్తున్నది. భార్యను ఎన్నుకొనేటప్పుడు ఏమి చూడాలో ఆ తల్లి తన కొడుకుకు చెప్పింది. మన ఇళ్ళలో పిల్లను చూడడానికి ముందు నడిచేవారు తల్లులే. వారి చేతిలో ఎంత శక్తి ఉన్నదో ఆ ప్రాచీన కవి గ్రహించాడు.

పేతురు లేఖ

స్త్రీల అలంకారాన్ని గురించి క్రైస్తవ ప్రసంగాలలో ఎక్కువగా వినిపించే భాగం పేతురు మొదటి లేఖ మూడవ అధ్యాయంలోనిది. జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం, వస్త్రాలు ధరించడం అనే వెలుపలి అలంకారం కాక, సాత్త్వికమైన అంతరంగ స్వభావమే నిజమైన అలంకారమని పేతురు అక్కడ బోధించాడు.

ఇక్కడ రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది: పేతురు పేర్కొన్న వస్తువులన్నీ డబ్బుతో కొనేవే. రంగునూ ముక్కుతీరునూ అతడు ప్రస్తావించలేదు. పుట్టుకతో వచ్చిన రూపాన్ని గాని, రూపం లేమిని గాని అతడు తప్పుపట్టలేదు. ఆడంబరాన్ని మాత్రమే వద్దన్నాడు. తులాల లెక్క చెప్పి పెళ్ళి నిశ్చయించే మన కాలానికి ఈ మాట మరీ దగ్గరగా తగులుతుంది. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. చట్టం వచ్చి ఆరు దశాబ్దాలు దాటినా ఆ లెక్క ఇళ్ళలో ఆగలేదు.

రెండవది: స్త్రీలకు ఆ మాటలు చెప్పిన పేతురు, అదే అధ్యాయంలో కొద్ది వాక్యాల తరువాత భర్తలవైపు తిరిగాడు. భార్యలను గౌరవించండి, లేకపోతే మీ ప్రార్థనలకే ఆటంకం కలుగుతుంది అన్న భావంతో హెచ్చరించాడు. మొదటి మాటను వినిపించేవారు ఈ రెండవ మాటను వదలివేస్తే లేఖను సగమే చదివినట్లు. భార్య నగలు తగ్గించుకుంటే చాలదు. ఆమెను గౌరవించని భర్త నమాజుకు గాని, ప్రార్థనకు గాని, పూజకు గాని విలువ ఎక్కడిది?

ఉంగరం పెట్టుకున్న అతిథి

కొత్త నిబంధనలో యాకోబు పత్రిక అనే చిన్న లేఖ ఉన్నది. దాని రెండవ అధ్యాయంలో ఒక దృశ్యం వస్తుంది. ప్రార్థనకు కూడిన సమాజంలోకి బంగారు ఉంగరం, ప్రశస్తమైన వస్త్రాలు ధరించినవాడొకడు, మాసిన బట్టల బీదవాడొకడు వచ్చారు. మొదటివానికి మంచి ఆసనం చూపించారు. రెండవవానిని అక్కడ నిలబడమన్నారు, లేదా తమ పాదపీఠం దగ్గర కూర్చోమన్నారు. ఇట్లా చేసినవారు చెడు తలంపులతో తీర్పు తీర్చినవారే కదా అని లేఖకుడు నిలదీశాడు. మాసిన బట్టల అతనికి అతడు ఏ ఉపదేశమూ చేయలేదు. ఆసనాలు చూపించినవారినే ప్రశ్నించాడు.

మన ఊళ్ళలో ఏ పెళ్ళిపందిరిలోనైనా, ఏ సభలోనైనా నిలబడి చూడండి. కారు దిగినవారికి ముందువరుస. ఎర్రబస్సు దిగి, చెప్పులకు దుమ్ము పట్టి వచ్చిన బంధువుకు గుంజ పక్కన చోటు. దీనికి మతభేదం లేదు.

క్రీస్తు స్వయంగా అన్న ఒక కఠినమైన పోలిక మత్తయి సువార్త 23వ అధ్యాయంలో ఉన్నది. పైకి భక్తిని ప్రదర్శించే శాస్త్రులనూ పరిసయ్యులనూ ఆయన సున్నం కొట్టిన సమాధులతో పోల్చాడు. వెలుపల తెలుపు, లోపల ఎముకలు. ‘పైన పటారం లోన లొటారం’ అని మన పల్లెల్లో అనేది కూడా ఈ సంగతినే. క్రీస్తు ఈ మాట అన్నది స్త్రీలతో కాదు. ఆనాటి సమాజంలో పెద్దలనిపించుకున్న పురుషులతో. లోపలి శుభ్రత అనేది ఆడపిల్లలకు మాత్రమే పెట్టిన పరీక్ష కాదని ఇంతకంటె స్పష్టంగా చెప్పడం సాధ్యమా?

ఎండకు నల్లబడిన స్త్రీ

బైబిలులోని పరమగీతం శృంగారప్రధానమైన కావ్యం. దాని మొదటి అధ్యాయంలోనే ఒక స్త్రీ తాను నల్లనిదానను, అయినా సౌందర్యవతిని అని చెప్పుకుంటుంది. సోదరులు కోపించి తనను ద్రాక్షతోటల కావలికి పెట్టారని, ఎండ తగిలి ఇట్లా అయ్యానని, తన నలుపును చూచి తేరిపార చూడవద్దని యెరూషలేము కన్యలతో అంటుంది. వేల ఏళ్ళనాటి ఆ గొంతు పత్తికొండ వేరుసెనగ చేలలో వినిపించేదే! పని నలుపు చేసింది. పని చేయించినవారే ఆ నలుపును తప్పుపట్టారు. ఆమె తలవంచుకోలేదు, తనను చూచే చూపులను ప్రశ్నించింది.

మన సీమలో నలుపును తక్కువగా చూడడం మరీ విచిత్రం. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల నేల నల్లరేగడి. వేసవిలో ఆ నేలను చూడండి: నెర్రెలు విచ్చి, గుర్రపు డెక్కకు తగిలే గడ్డలతో, చూడడానికి ఏమీ బాగుండదు. కాని ఒక మంచి వాన పడితే ఆ నలుపే తడిని దాచుకుంటుంది. వానలు వెనుదీసిన తరువాత కూడా ఆ దాచిన పదునుతోనే సెనగ, జొన్న పండుతాయి. రైతు కూతురి రంగును చూచి బెంగపడే తండ్రి, నేల రంగును చూచి మాత్రం సంతోషిస్తాడు. నేల విషయంలో ఉన్న వివేకం బిడ్డల విషయంలో ఎందుకు లేదు?

ఈ బలహీనత మీద గొప్ప వ్యాపారమే నిలిచింది. ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ అనే లేపనం 1975లో మన దేశపు అంగళ్ళకు వచ్చింది. తెల్లదనమే జీవితానికి దారి అని తరాలపాటు ప్రకటనలు చెప్పాయి. విమర్శలు పెరిగిన మీదట 2020లో దాని పేరును ‘గ్లో అండ్ లవ్లీ’గా మార్చారు. డబ్బీ మీద మాట మారింది. పెళ్ళిచూపులకు వచ్చేవారి నోటిలో మాట ఇంకా మారలేదు. ఈనాడు పిల్లను చూడడానికి ముందే చరవాణిలో చాయాచిత్రం వెళుతున్నది. దానిని తెల్లబరచే ఉపాయాలు కూడా ఆ చరవాణిలోనే ఉన్నాయి. మనిషిని చూడకముందే మనిషి కాని దానిని చూచి తీర్పు చెబుతున్నాము.

ముఖవర్ణన లేని చరిత్ర

సాహిత్య విద్యార్థులుగా మమ్మల్ని అన్నిటికంటె ఆశ్చర్యపరచిన విషయం మరొకటి ఉన్నది. మత్తయి, మార్కు, లూకా, యోహాను రాసిన నాలుగు సువార్తలలోనూ క్రీస్తు రూపవర్ణన లేదు. ఆయన ఎత్తెంత, రంగేమిటి, కన్నులెట్లా ఉండేవి – ఒక్క మాట కూడా లేదు. ఆయన పటాలలో మనం చూచే ముఖం తరువాతి చిత్రకారుల ఊహ. నాయకుని వర్ణనతో గాని కథ నడపలేని కావ్యసంప్రదాయంలో పెరిగిన మనకు ఈ మౌనం అర్థవంతంగా తోస్తుంది. పైపెచ్చు, క్రైస్తవులు క్రీస్తును ఉద్దేశించినదిగా భావించే యెషయా గ్రంథం 53వ అధ్యాయంలో, ఆ దైవసేవకునికి జనం కోరి చూచేటంతటి సొగసు గాని రూపం గాని లేదని ఉన్నది.

రూపాన్ని చెప్పని ఆ సువార్తలు, ఆయన చేతులు ఏమి చేశాయో మాత్రం వివరంగా చెప్పాయి. మత్తయి 8వ అధ్యాయంలో ఒక కుష్ఠరోగి ఎదురుపడ్డాడు. ఆనాటి ఆచారం ప్రకారం అతడు అంటరానివాడు. క్రీస్తు చెయ్యి చాచి అతనిని ముట్టుకున్నాడు. నయమైన తరువాత ముట్టుకోలేదు. ముట్టుకొని నయం చేశాడు. చూడడానికే జనం వెనుకాడే శరీరంలో ఆయన మనిషిని చూశాడు.

జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు నెలకొల్పిన క్యాంబెల్ ఆసుపత్రి పేరు కడప, కర్నూలు ప్రాంతాల పెద్దవారికి సుపరిచితం. మతం ఏదైనా పుండును పుండుగా చూచి కడిగే చేతులను జనం మరచిపోరు. ఆ చేతులకు గాజులున్నాయా, అవి ఏ రంగువి అని పుండు ఉన్నవాడు చూడడు. అంతఃసౌందర్యం ప్రసంగంలో కంటె అటువంటి చోట్లనే ఎక్కువగా కనిపిస్తుంది.

సీమలో ఈ చూపు

ఇటువంటి చూపు బయటినుంచి మాత్రమే రావలసిన అవసరం మన సీమకు లేదు. కదిరి సమీపాన కటారుపల్లెలో సమాధి ఉన్న వేమన ఈ మట్టిలో తిరిగిన యోగి. బొమ్మలలో ఆయన దిగంబరుడు. ఒంటిమీద వస్త్రమే లేనివానికి వేషమెక్కడిది? పైకి నిగనిగలాడి లోపల పురుగులుండే మేడిపండు పోలిక ఆయన నోటినుంచే తెలుగు పల్లెలన్నిటికీ చేరింది.

ఆ వేమనను అచ్చుకెక్కించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. కలకత్తాలో క్రైస్తవ మతాచార్యుడుగా ఉన్న డేవిడ్ బ్రౌన్ కుమారుడాయన. 1798లో జన్మించి, 1817లో మద్రాసుకు వచ్చి, 1820లో కడపలో ఉద్యోగంలో చేరాడు. ఆటవెలదిలో, పామరుల మాటల్లో ఉన్న వేమన పద్యాలను ఆనాటి పండితులు కావ్యంగా లెక్కపెట్టలేదు. అలంకారం లేదు, సమాసం లేదు, వంశవర్ణన లేదు. బ్రౌన్ వాటిలోని సారాన్ని చూశాడు. తాటాకు ప్రతులను సేకరించి, పండితుల సాయంతో సరిచూచి, ఆంగ్లానువాదంతో 1829లో ప్రకటించాడు. 1839లో మరింత పెద్ద కూర్పు తెచ్చాడు. పురుగు తిన్న తాటాకు కట్టను చూచి పారవేయకుండా విప్పి చదివే ఓపిక, మనిషిని చూచి తీర్పు చెప్పకముందు ఆగే ఓపిక – రెండూ ఒకే గుణమని మా అభిప్రాయం. కడపలో ఆయన పేరిట నిలిచిన భాషాపరిశోధన కేంద్రాన్ని మా విద్యార్థులు తప్పక చూడాలి.

ఇక జాషువా. 1895లో వినుకొండలో జన్మించిన ఈ క్రైస్తవ కవికి ‘క్రీస్తు చరిత్ర’ కావ్యం 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతిని తెచ్చింది. అయితే ప్రస్తుత విషయానికి 1941నాటి ‘గబ్బిలం’ మరింత దగ్గరిది. సందేశం పంపవలసివస్తే మన కవులు హంసను పిలిచారు, మేఘాన్ని పిలిచారు. జాషువా గబ్బిలాన్ని పిలిచాడు. ఇంటిలోకి వస్తే అపశకునమని జనం తరిమే ప్రాణి అది. ఊరివెలుపల గుడిసెలోని అస్పృశ్యుడు తన గోడును కాశీలోని శివునికి చేరవేయమని దానిని వేడుకున్నాడు. అతనికి ప్రవేశం లేని గుడిలోనికి ఆ గబ్బిలానికి ప్రవేశం ఉన్నది. అందవికారమని తోలివేసిన ప్రాణికే కవి కావ్యనాయకుని విశ్వాసాన్ని అప్పగించాడు. బైబిలు చూపు తెలుగు కవిత్వంలో ఇంతగా ఇంకిన సందర్భాలు అరుదు.

అందం పాపమా?

ఇంతవరకు చదివినవారికి ఒక సందేహం కలుగవచ్చు: అయితే అందం పాపమా? చక్కగా ఉండడం, చక్కగా తయారుకావడం తప్పా? బైబిలు అట్లా అనలేదు. పొలంలోని పువ్వులు సొలొమోను రాజవైభవాన్ని మించినవని క్రీస్తు మెచ్చుకున్నాడు. దావీదు అందాన్ని గ్రంథం దాచలేదు. అందం దైవదత్తం. దానిని కొలబద్దగా చేసి మనుష్యులను కొలవడమే తప్పు.

ఇస్లాం సంప్రదాయం కూడా ఈ మాటనే చెబుతున్నది. అల్లాహ్ మీ రూపాలనూ సంపదలనూ చూడడు, మీ హృదయాలనూ కర్మలనూ చూస్తాడన్న భావం గల హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. మంచి బట్టలు, మంచి పాదరక్షలు ఇష్టపడడం గర్వమవుతుందా అన్న ప్రశ్నకు, అల్లాహ్ సౌందర్యవంతుడు, సౌందర్యాన్ని ప్రేమిస్తాడని, సత్యాన్ని తిరస్కరించి మనుష్యులను చులకన చేయడమే గర్వమని ప్రవక్తవారు సమాధానమిచ్చినట్లు అదే గ్రంథంలో ఉన్నది. తొలి అజాన్ పలికిన గౌరవం దక్కినది బానిసత్వం నుంచి విముక్తి పొందిన నల్లని హజ్రత్ బిలాల్‌కు. కంఠాన్నీ విశ్వాసాన్నీ చూచారు, రంగును చూడలేదు.

బేత్లెహేములోనూ మదీనాలోనూ కటారుపల్లెలోనూ వినిపించినది ఒకే హెచ్చరిక. అది కన్నుకు చేసిన హెచ్చరిక.

మేము చేసిన తప్పు

ఈ పాఠం ఇతరులకు చెప్పేముందు మా తప్పును ఒప్పుకోవలసి ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రితం మా బంధువుల యువకునికి సంబంధం చూడడానికి పెద్దవారితో కలిసి ఒక ఊరు వెళ్ళాము. పిల్ల తండ్రి చిన్న జీతగాడు. మాకోసమే కొన్న కొత్త కప్పులలో టీ ఇచ్చారు. కప్పు అడుగున అంగడివారు అంటించిన ధర చీటీ ఇంకా ఉన్నది. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళి పిల్లను చూచి వచ్చారు. ఆయన మమ్మల్ని బస్సు దాకా సాగనంపి, ఏ సంగతీ కబురు చేయమని మాతో ప్రత్యేకంగా చెప్పాడు. అధ్యాపకుడన్న గౌరవంతో కాబోలు. తిరుగు ప్రయాణంలో, పిల్ల చదువుకున్నది, మాట మంచిది, కాని చామనచాయ అన్నారు. మీరేమంటారని మమ్మల్ని అడిగారు. పెద్దవారి నిర్ణయం అన్నాము. అంతఃసౌందర్యం గురించి తరగతిలో గంటసేపు చెప్పగల నోరు ఆ బస్సులో ఒక్క వాక్యం చెప్పలేకపోయింది. కబురు కూడా పంపలేదు. ఆయన ఎన్నాళ్ళు ఎదురుచూచాడో తెలియదు.

మా విద్యార్థిని ప్రశ్న అడిగిన రోజున మాకు గుర్తుకు వచ్చినది ఆ ధర చీటీ.

కర్నూలు జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పరిసరాలలో తొలకరి వానలు పడగానే జనం చేలలో వజ్రాలు వెదుకుతారు. నేలలో దొరికే వజ్రం అంగడిలోని వజ్రంలా మెరవదు. మసకగా, గులకరాయిలా ఉంటుంది. కాలితో తన్ని దాటిపోయినవారు ఎందరో ఉంటారు. తప్పు రాయిది కాదని ఆ ఊళ్ళ పిల్లలకు కూడా తెలుసు. అందుకే వారు వంగి, చేతిలోకి తీసుకొని, తుడిచి, వెలుగుకు పెట్టి చూస్తారు. ఒక రాయికి ఇచ్చే ఆ పాటి గౌరవం మనిషికి ఇవ్వలేమా?

కనుక మా విద్యార్థులకు, ముఖ్యంగా యువకులకు, మా మనవి ఇది. రేపు మీరు పిల్లను చూడడానికి వెళతారు, లేదా మీ అన్నకోసం, మీ మిత్రునికోసం వెళతారు. ఆనాడు బస్సులో మిమ్మల్ని అడుగుతారు. అప్పుడు మాట్లాడండి. రంగు ప్రస్తావన వస్తే, ఆ ఇంటినుంచి లేవకముందే, మీ ఇంటివారిని మర్యాదగా వారించండి. సంబంధం కుదరకపోతే కబురైనా పంపండి. శీలమంటే ఇంతకంటె పెద్ద విషయం కాదు. ఇంతకంటె చిన్న విషయమూ కాదు.

ఆ ప్రశ్న అడిగిన విద్యార్థిని ఇప్పుడు చివరి సంవత్సరం చదువుతున్నది. ఈ సంచిక ఆమె చేతికీ అందుతుంది. ఆనాడు తరగతిలో ఇవ్వలేని సమాధానం ఇది: అమ్మా, పాఠం నీకు కాదు, మాకు. చదువుకోవడం మొదలుపెట్టాము.